‘కత్తి’ కాంతారావు: బిరుదమును నటనయు

తెలుగు నాటకరంగ చరిత్రను వ్రాసినవారు బళ్ళారి, బందరు, రాజమహేంద్రవరములను గూర్చి విస్తరించి చెప్పి, నల్లగొండ, పాలమూరుల కడకు వచ్చునప్పటికి రెండు వాక్యములతో సరిపెట్టుట పరిపాటియైనది. నైజాము రాజ్యమున ఉర్దూ రాజభాషయై యుండుట, పాఠశాలలలో తెలుగునకు తగిన చోటు లేకుండుట, సభ జరుపుటకైనను సర్కారు అనుమతి కావలసివచ్చుట ఇందులకు కారణములుగా చెప్పబడుచున్నవి. కారణములు సత్యములే. కాని వానినిబట్టి ఈ మెట్టనేలలో నటులు పుట్టలేదని తీర్మానించుట మాకు సమ్మతము కాదు. తాడేపల్లి లక్ష్మీకాంతారావు జీవితమే అట్టి తీర్మానమునకు అడ్డుపడుచున్నది. లోకము ఆయనను ‘కత్తి కాంతారావు’ అని పిలిచినది. ఈ బిరుదము ఆయన పేరును నిలిపినంతగా ఆయన నటనను మరుగుపఱచినదని మా అభిప్రాయము.

కాంతారావు 1923 నవంబరు 16వ తేదీన కోదాడ సమీపమునందలి గుడిబండ గ్రామమున జన్మించెను. అప్పుడది నల్లగొండ జిల్లాలోనిది. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడినపుడు అందు చేరినది. ఈ గ్రామము ఉన్న తావును గమనింపవలెను. కోదాడ హైదరాబాదునుండి బెజవాడకు పోవు బాటపై నున్నది. అదే బాటను తూర్పుగా కొంతదూరము సాగినచో, అప్పుడు కృష్ణా జిల్లాలోనిదగు జగ్గయ్యపేట వచ్చును. ఆయన బాల్యమున ఈ రెండూళ్ల నడుమ రెండు రాజ్యముల ఎల్ల యుండెను. ఇటు నైజాము, అటు ఆంగ్లేయుల మదరాసు రాజధాని. ఇటు హాలీ సిక్కా, అటు కలదారు రూపాయి. ఎల్ల దాటు సరకునకు కరోడ్గిరి సుంకము కట్టవలసియుండెను. పద్యమునకు మాత్రము సుంకము లేదు! 1885లో కడప మండలమున వనారస గోవిందరావు నెలకొల్పిన సురభి నాటక సమాజము శాఖోపశాఖలై, తెలంగాణమున సైతము సంచరించుచు డేరాలు వేసి నాటకములాడుచుండెను. కాంతారావునకు చిన్ననాడే నాటకములపై మక్కువ కలుగుటకు సురభివారే కారకులు. ఆయన రంగస్థలమున వేషములు వేసి, ఆ పిమ్మటనే చిత్రసీమకు పోయెను.

ఇచట నొక విషయము స్మరణీయము. కాంతారావు యౌవనమున ఉన్న 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు తెలంగాణ రైతుల పోరాటమునే వస్తువుగా గొని ‘మా భూమి’ నాటకమును రచించిరి. ప్రజానాట్యమండలివారు దానిని ఆంధ్ర జిల్లాలలో ప్రదర్శింపగా మదరాసు ప్రభుత్వము నిషేధించెను. తెలంగాణపు రైతు ఎల్లకు ఆవల రంగస్థలముపైకి ఎక్కెను. తెలంగాణపు నటుడు తానును ఆవలికే పోవలసివచ్చెను.

మదరాసున ఆయనకు తొలి అవకాశము నిచ్చినవాడు, 1932లో తొలి తెలుగు వాక్చిత్రమగు ‘భక్తప్రహ్లాద’ను తీసిన హెచ్. ఎం. రెడ్డి. 1951లో ‘నిర్దోషి’లో చిన్న వేషమును, 1953లో ‘ప్రతిజ్ఞ’లో నాయకపాత్రమును లభించినవి. ఈ ‘ప్రతిజ్ఞ’తోనే రాజనాల ప్రతినాయకుడుగా చిత్రసీమలో అడుగిడెను. అటుపై ఎన్నో చిత్రములలో వీరిద్దఱును కత్తులు దూసి ప్రేక్షకులను అలరించిరి.

1955లో ‘జయసింహ’తో ఆయన జీవితము మఱియొక త్రోవ త్రొక్కెను. రామారావు అన్న, ఈయన తమ్ముడు. పౌరాణిక చిత్రములలో ఈ వరుసయే స్థిరపడినది. ‘దీపావళి’ (1960)లో రామారావు శ్రీకృష్ణుడు కాగా ఈయన నారదుడు. ‘లవకుశ’ (1963)లో ఆయన శ్రీరాముడు కాగా ఈయన లక్ష్మణుడు. అదే యేట ‘నర్తనశాల’లో ఆయన బృహన్నల కాగా ఈయన శ్రీకృష్ణుడు. వీనిని రెండవ తరగతి వేషములని తీసివేయువారు కలరు. లక్ష్మణపాత్రమును పరిశీలించినచో అట్లనుటకు వీలుండదు. సీతను అడవిలో విడిచివచ్చు సన్నివేశము ‘ఉత్తరరామాయణ’ కథకు ఆయువుపట్టు. అచట లక్ష్మణునకు ఎదిరించుటకు అధికారము లేదు, సమ్మతించుటకు మనసు లేదు. ఆజ్ఞను పాలించుచు, ఆజ్ఞ తప్పని తెలిసియుండుట అతని దుఃఖము. ఆ దుఃఖమును గొంతెత్తి చెప్పినచో అన్నపై ఫిర్యాదగును; చెప్పకున్నచో రాతిబొమ్మ యగును. కాంతారావు తలవంపుతోను, మాట నడుమ తెగిపోవు ఊపిరితోను దానిని నిర్వహించెను. ఈ నిగ్రహము కత్తిసాములో నేర్చునది కాదు.

శ్రీకృష్ణపాత్రమునం దింకొక విశేషము కలదు. రంగస్థలమున కృష్ణవేషము గాయకనటుల సొత్తు. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి మొదలగువారు పద్యబలముచేతనే ఆ పాత్రమున రాణించిరి. నేపథ్యగానము వచ్చి పద్యమును నటుని గొంతునుండి వేఱుచేసినది. అందువలన నటునకు మిగిలినది వచనము, చూపు, నడక. పద్యము పాడనక్కఱలేని కృష్ణుడు వచనమును పద్యమువలె తూచి పలుకవలసివచ్చెను. ఉచ్చారణమున కాంతారావు చూపిన స్వచ్ఛత, విరామములను పాటించు తీరు నాటకశాలలో అబ్బిన విద్య యనుటకు సందేహము లేదు.

ఇక ‘కత్తి’ సంగతి. ‘కనకదుర్గ పూజామహిమ’ (1960), ‘గురువును మించిన శిష్యుడు’ (1963), ‘నవగ్రహ పూజామహిమ’ (1964), ‘జ్వాలాద్వీప రహస్యము’ (1965) మున్నగు విఠలాచార్యుని జానపద చిత్రములు ఆయనకు ఈ పేరు తెచ్చినవి. విఠలాచార్యుడు కొద్ది వ్యయముతో, కొద్ది కాలములో చిత్రములు ముగించెడివాడు. పండితులు వీనిని చులకనగా చూచిరి. మేమట్లు చూడజాలము. మాయలు, ఆకాశగమనములు, వేషము మారు రాక్షసులు సురభివారి రంగస్థలమున తీగెలతోను తెరలతోను ప్రజలు ఎఱిగినవే. డేరాలో చూచినదానినే వారు తెరపై మరల చూచిరి. ఆ నాటకములు చూచి పెరిగిన బాలుడే ఈ చిత్రములలో రాజకుమారుడగుట యాదృచ్ఛికమైనను ఉచితముగానున్నది.

1969లో విశ్వనాథ సత్యనారాయణ ‘ఏకవీర’ చిత్రరూపము పొందినపుడు ఇద్దఱు మిత్రులలో ఒకరు రామారావు, ఒకరు కాంతారావు. సంభాషణలు సి. నారాయణరెడ్డిగారివి. కత్తికంటె మనసునకు పని ఎక్కువగల ఇట్టి పాత్రములు ఆయనకు మఱికొన్ని దొరకియుండవలసినది. ఆ యేటనే ఆయన నిర్మాతయై ‘సప్తస్వరాలు’, ‘గండర గండడు’ తీసెను. తరువాత ‘ప్రేమజీవులు’ (1971), ‘గుండెలు తీసిన మొనగాడు’ (1974), చాలకాలమునకు ‘స్వాతిచినుకులు’ (1989). నిర్మాణము ఆయన ఆస్తిని హరించినది. జానపద చిత్రముల వెల్లువ తగ్గిన పిదప చిన్నచిన్న వేషములు వేసెను. వార్ధక్యమున దూరదర్శన ధారావాహికలలోను కనిపించెను. నాలుగువందలకు పైగా చిత్రములలో నటించిన ఆయనకు 2000వ సంవత్సరపు రఘుపతి వెంకయ్య పురస్కారము లభించెను. 2009 మార్చి 22న హైదరాబాదులో మరణించెను.

ఈ జిల్లానుండి మదరాసు చేరినవాడు ఆయన యొక్కడే కాడు. తుంగతుర్తి ప్రాంతపువాడగు మందాడి ప్రభాకరరెడ్డి వైద్యవిద్య నభ్యసించి, 1960లో ‘చివరకు మిగిలేది’తో చిత్రసీమను ప్రవేశించెను. అతని త్రోవ వేఱు. దానిని వేఱొక వ్యాసమున పరిశీలింతుము.