గాలి కోసం మదనపల్లెకు

మదనపల్లె అంటే ఇప్పటివాళ్ళకు టమోటాలే గుర్తొస్తాయి. మా అవ్వకు మాత్రం ఆ పేరు వింటేనే గుండెదడ. ఇంట్లో ఎవరికైనా దగ్గు నెల దాటిందంటే ‘మదనపల్లెకు పంపాలేమో’ అని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారట.

1915లో ఆ ఊరి దగ్గర క్షయరోగుల శానిటోరియం వెలిసింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దానికి పెద్ద. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు. అప్పటికింకా క్షయకు మందు లేదు. రెండువేల అడుగులకు పైబడిన ఎత్తులో వీచే పొడిగాలి, పుష్టికరమైన తిండి, మంచం మీద విశ్రాంతి, ఇదే వైద్యం. విశ్రాంతి! ఆ రోజుల్లో ఆడదానికి అది దొరకాలంటే క్షయే రావాలి కాబోలు.

తర్వాత మందులొచ్చాయి. మద్రాసులో 1956లో మొదలుపెట్టి, కొందరు రోగుల్ని శానిటోరియంలోనూ కొందర్ని ఇళ్ళలోనూ ఉంచి అవే మందులిచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్ళకూ అంత బాగానే నయమైందని 1959లో తేల్చారు. ఇక పసిబిడ్డల్ని వదిలి నెలల తరబడి వెళ్ళక్కర్లేదు. ఎన్ని సంసారాలు నిలబడ్డాయో!

చిత్రమేమిటంటే, అదే 1959లో ఢిల్లీలో డాక్టర్ పద్మావతిగారు తన సహచరుడితో కలిసి ఇంకో సంగతి బయటపెట్టారు. ఊపిరితిత్తులు చెడి, దానివల్ల గుండె కూడా దెబ్బతిన్న 127 మంది గురించి రాస్తూ, బీడీ సిగరెట్లు ముట్టని ఆడవాళ్ళకూ ఈ జబ్బు రావడానికి వంటింటి పొగే కారణం కావచ్చన్నారు. రోగిని ఇంటికి పంపమన్న ఏడే, ఆ ఇంట్లో పొయ్యి ఏం చేస్తోందో కూడా తెలిసిందన్నమాట.

మా అవ్వది పుంగనూరు. మూడడుగులు దాటని ఆ ఊరి పొట్టి ఆవులు ఇంటినిండా ఉండేవి. పాలు కాస్త, పిడకలు బోలెడు. వానాకాలం గవాచి మూసేస్తే పొగకు దారే లేదు. చంకలో బిడ్డ, చేతిలో ఊదుగొట్టం. ముసలితనంలో ఆయాసం పట్టుకుంటే భయపడి కళ్ళె పరీక్ష చేయించాం. క్షయ కాదన్నారు. ‘అయితే పొయ్యి దగ్గరికి పోవచ్చు కదా’ అంది అవ్వ, నిశ్చింతగా.

1999లో దీపం పథకం కింద పేద ఆడవాళ్ళ పేర గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. కుప్పం దగ్గర మా బంధువుల పల్లెలో పొదుపు సంఘం అక్క ఒకామె ఇంటికి ఈమధ్య వెళ్ళాను. గ్యాసు పొయ్యి తళతళలాడుతోంది, పసుపు కుంకుమలతో సహా. పెరటి తలుపు వారగా కట్టెల పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది.

“ఇదేం అక్కా?” అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

“కాఫీలకు గ్యాసు, చుట్టాలొస్తే గ్యాసు. రోజూ వెలిగిస్తే మళ్ళీ సిలిండరు కొనేదెవరు తల్లీ?” అని ఇంకో కంపపుల్ల పొయ్యిలోకి తోసి, దగ్గుతూనే నాకు పీట వాల్చింది.