ఏ గుడ్డ ఏ కాలానిది? గీస్ బెండ్ బొంతల కథ

ప్యాంటు కాలు కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది. విప్పి పరిస్తే తిన్నటి ముక్క రాదు. 1942లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, గీస్ బెండ్ అనే పల్లెలో, మిస్సోరి పెట్‌వే తన భర్త పొలం బట్టలు ముందేసుకుని కూర్చున్నప్పుడు ఎదురైన చిక్కు ఇదే. భర్త నెలల తరబడి మంచం పట్టి పోయాడు. ఆయన బట్టలన్నీ కలిపి ఒక బొంత కుడతాననీ, ఆయన గుర్తుగా దాన్నే కప్పుకుని పడుకుంటాననీ అందామె. ప్యాంటు పైభాగంలో ఎక్కువైన వెడల్పు కోసేసి, ముక్కలన్నిటినీ ఒక్క తీరు పట్టీలుగా చేసే పని కూతురు అర్లోంజియాకు అప్పజెప్పింది. ప్యాంటు కాళ్ళూ చొక్కా అంచులూ ఇంట్లో ఉన్న ఆయన బట్టలన్నీ పోగేస్తే సరిగ్గా ఒక్క బొంతకు సరిపోయాయి. కూతురు పెద్దయ్యాక చెప్పబట్టి ఈ సంగతులు మనకు తెలిశాయి.

మన ఇళ్ళల్లో పాత చీరలు మడతమీద మడత పరిచి కుట్టే బొంతకూ ఆ ఊరి బొంతకూ తేడా ఉంది. వాళ్ళది మూడు పొరలు. పైన ముక్కలు అతికిన గుడ్డ, మధ్యన దూది, అడుగున పిండి బస్తానో ఎరువు బస్తానో విప్పిన గుడ్డ. జిన్నింగ్ మిల్లులో నేలమీద ఊడ్చి తెచ్చుకున్న దూదిని కర్రతో కొట్టి, మట్టీ గింజా రాలగొట్టి మధ్యలో పరిచేవారు. ముక్కలు అతకడం ఎవరింట్లో వాళ్ళు ఒంటరిగా చేసుకునే పని. మూడు పొరలనూ కలిపి కుట్టడానికి మాత్రం చట్రం చుట్టూ నలుగురూ చేరేవాళ్ళు. చిన్నపిల్లలు సూదుల్లోకి దారం ఎక్కించి అందిస్తూ పని నేర్చుకునేవాళ్ళు.

ఆ ఊరికి మూడు వైపులా అలబామా నది. 1816లో జోసెఫ్ గీ అనే ఆసామి అక్కడ పత్తి తోట వేశాడు. 1845లో అది అప్పుల కింద మార్క్ పెట్‌వే చేతికొచ్చింది. అతను తన దగ్గరున్న వందమంది దాకా బానిసలను నార్త్ కరోలినా నుంచి అక్కడికి కాలినడకన తరలించాడు. యజమాని పేరే వాళ్ళకు ఇంటిపేరైంది. ఇప్పటికీ ఆ ఊళ్ళో చాలామంది పెట్‌వేలే. బానిసత్వం పోయాక అదే నేలలో వాళ్ళ పిల్లలూ మనవలూ పాలికి పత్తి పండించారు. విత్తనానికీ తిండికీ నది అవతల కామ్డెన్‌లో ఉండే షావుకారు దగ్గర అప్పు, పంటొచ్చాక లెక్క. పత్తి ధర పడిపోయిన రోజుల్లో ఆ షావుకారు చనిపోయాడు. 1932లో బాకీ వసూలుకని ఆయన భార్య తరఫు మనుషులొచ్చి 60 కుటుంబాల పశువులనూ పనిముట్లనూ కోళ్ళనూ, దాచుకున్న మొక్కజొన్ననూ పట్టుకుపోయారు. ఆ చలికాలం రెడ్‌క్రాస్ పంపిన తిండితో గడిచింది. చెక్కగోడల సందుల్లోంచి గాలి రాకుండా లోపల పాత పేపర్లు అతికించిన ఇళ్ళు అవి. గీస్ బెండ్ బొంతల గురించి ఏం మాట్లాడుకున్నా ముందు ఈ చలి గుర్తుండాలని నా పట్టు.

అందుకే ఆనాటి బొంతల్లో కొన్న గుడ్డ తక్కువ. వెలిసిన నీలం జీన్స్ గుడ్డ మధ్యలో ఒకచోట చతురస్రంగా ముదురు నీలం కనిపిస్తుంది. అక్కడ జేబు ఉండేది. కుట్టు విప్పి జేబు తీసేస్తే, ఎండ తగలని ఆ చోటు పాత రంగుతోనే మిగిలింది. మోకాలి దగ్గర చిరిగిన చోట వేసిన మాసిక కూడా అలాగే బొంతలోకి వచ్చేసింది. ఎవరు ఏ పని చేశారో, ఎక్కడ వంగి, ఎక్కడ మోకరించారో ఆ గుడ్డే చెబుతుంది.

కొత్తగా కుట్టు మొదలుపెట్టేవాళ్ళకు ఆ ఊరి బాణీల్లో ‘హౌస్‌టాప్’ను మించింది లేదు. మధ్యలో ఒక నలుచదరపు ముక్క. దాని ఒక పక్కకు పట్టీ ఆనించి కుట్టి, మిగిలింది కత్తిరించాలి. ఇప్పుడు ముక్కను తిప్పి, మొదటి పట్టీ చివరను కూడా కలుపుకుంటూ రెండో పక్కకు ఇంకో పట్టీ వేయాలి. ఇలా నాలుగు పక్కలూ అయ్యాక మళ్ళీ మొదటి పక్కకు రావాలి. ఏ పట్టీ ఎంత పొడవుండాలో అప్పటికి తయారైన అంచే చెబుతుంది కాబట్టి పొడవులకు టేపు అక్కర్లేదు. పట్టీ వెడల్పు ఒక కొస ఎక్కువైనా మరో కొస తగ్గినా పని ఆగదు, తర్వాతి వరస ఆ వంకరను మోసుకుపోతుంది. ఇప్పుడు ఎవరైనా ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే పాత నూలు చొక్కాలు చాలు. ముందు ఉతికి ఇస్త్రీ చేయాలి. కుట్టుకు పావు అంగుళం వదలాలి. పలచటి గుడ్డ పక్కన దళసరి జీన్స్ వేస్తే పలచటిది ముందు చిరుగుతుంది కాబట్టి మొదటి బొంతకు ఒకే రకం గుడ్డలు తీసుకోవడం మంచిది. మూడు పొరలు పరిచాక కుట్టడం నడిమధ్య నుంచి అంచులకు పోవాలి. అంచుల నుంచి లోపలికి వస్తే గుడ్డ మధ్యలో ఉబ్బి ముడత పడుతుంది.

గీస్ బెండ్ ఆడవాళ్ళు కూడా హౌస్‌టాప్‌ను అచ్చుగుద్దినట్టు కుట్టలేదు. ఒకరు మధ్యముక్కను మూలకు జరిపారు, ఒకరు సగంలో వదిలి నిలువు పట్టీల్లోకి దిగారు. ఒకరు కుట్టింది మరొకరు చూసేవారు, కానీ దించేస్తే గౌరవం ఉండేది కాదు.

1932 నాటి ఆ చలికాలం తర్వాత ఊరి దశ కొంత మారింది. 1937 నుంచి రూజ్వెల్ట్ ప్రభుత్వం ఆ తోట భూమి కొని, ఇళ్ళు కట్టించి, 1940లలో తక్కువ వడ్డీ అప్పులతో అక్కడి కుటుంబాలకే అమ్మింది. ఆ సొంత భూమి విలువ 1965లో తెలిసింది. ఆ ఏడాది మొదట్లో, గీస్ బెండ్ ఉన్న విల్‌కాక్స్ కౌంటీలో ఓటరు జాబితాకెక్కిన నల్లవాళ్ళు ఒక్కరూ లేరు. ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్ గీస్ బెండ్ వచ్చి మాట్లాడారు. ఓటు అడిగినందుకు చుట్టుపక్కల పాలికాపులను భూస్వాములు ఇళ్ళు ఖాళీ చేయించారు, గీస్ బెండ్‌లో సొంత భూమి ఉన్నవాళ్ళను కదపలేకపోయారు. అయితే కామ్డెన్‌కు పోయే బల్లకట్టును మాత్రం 1962లోనే ఆపేశారు. అది మళ్ళీ తిరిగింది 2006లో. 44 ఏళ్ళు నది దాటి పోవాల్సిన పనికల్లా చుట్టూ తిరిగి రోడ్డు మీద పోవాల్సొచ్చింది.

ఫ్రాన్సిస్ వాల్టర్ అనే క్రైస్తవ గురువు 1965 చివర్లో అటువైపు వెళ్తూ దండెం మీద ఆరేసిన బొంతలు చూశాడు. 1966లో అలాంటి బొంతలను న్యూయార్క్‌లో వేలం వేశారు, ఆ ఏడాదే ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం మొదలైంది. ఎస్టెల్ విదర్‌స్పూన్ దాన్ని ఏళ్ళ తరబడి నడిపింది. పెద్ద దుకాణాల ఆర్డర్లు వచ్చాయి, వాటితోపాటు ఒక నిబంధనా వచ్చింది: ప్రతి బొంతా పక్కదానిలాగే ఉండాలి. కూలి డబ్బులు చేతికందాయి, కానీ తన ఇష్టప్రకారం కుట్టే స్వేచ్ఛ సంఘం పనిలో లేదు. ఆ స్వేచ్ఛను వాళ్ళు ఇంట్లో నిలుపుకున్నారు, అదీ కంపెనీ తుక్కుతోనే. 1972లో సియర్స్ కంపెనీ కార్డురాయ్ అనే గుడ్డతో దిండు గలీబులు కుట్టమని ఆర్డరిచ్చింది. కత్తిరించగా మిగిలిన కార్డురాయ్ ముక్కలు ఇళ్ళకు చేరాయి. ఎరుపు, బంగారు పసుపు, ఆకుపచ్చ. దళసరి గుడ్డ, సన్న ముక్కల పనికి లొంగదు. దాంతో పట్టీలు వెడల్పయ్యాయి, రంగులు మండాయి.

రెండు కాలాలూ కలిసిన బొంత ఆనీ మే యంగ్ 1976లో కుట్టింది. నడుమ ఎరుపూ పసుపూ కార్డురాయ్ చారలు, చుట్టూ వెలిసిన పొలం బట్టల నీలం. కట్టెల మోపు మీద వేసి ఉన్న ఈ బొంత ఫోటోను ఒక పుస్తకంలో చూసి, కళావస్తువులు సేకరించే విలియం ఆర్నెట్ 1990ల చివర్లో ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాడు. 2002లో హ్యూస్టన్‌లో, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ప్రదర్శన జరిగింది. విమర్శకులు చిత్రకారులు మతీస్‌నూ పాల్ క్లేనూ తలుచుకున్నారు. మెచ్చుకోవడం సరే. ఈ ఆడవాళ్ళకు గురువులు మాత్రం వాళ్ళ అమ్మలూ అత్తలూ పక్కింటి దండేలూ. 2006లో అమెరికా తపాలాశాఖ పది బొంతలతో స్టాంపులు వేసింది.

పేరు వచ్చాక డబ్బు ఎవరికి చేరిందన్న ప్రశ్నా వచ్చింది. 2007లో ఆనీ మే యంగ్‌తో సహా కొందరు కోర్టుకెక్కారు, మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఇప్పుడు ఊరి ఆడవాళ్ళు కొందరు తమ బొంతలను ఆన్‌లైన్‌లో తామే ధర పెట్టి అమ్ముకుంటున్నారు.

అట్లాంటాలో ఉంటున్న తెలుగువాళ్ళకు ఇవి దూరమేమీ కాదు, ఊళ్ళోని హై మ్యూజియం సేకరణలో గీస్ బెండ్ బొంతలు ఉన్నాయి. ప్రదర్శనకు పెట్టినప్పుడు వెళ్తే పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. ముందు కుట్టినావిడ పేరు చదివి, తర్వాత జేబు మచ్చల కోసం వెతకండి. మధ్యలో గట్టి రంగు కార్డురాయ్ పట్టీలు తగిలితే, అవి సియర్స్ ఆర్డర్ తుక్కేమో తేదీ చూసి సరిపోల్చుకోండి.