దివాలా చట్టాలలో భార్యాభర్తల ఆస్తి (భారతదేశం)

భార్యాభర్తలలో ఒకరు అప్పులు తీర్చలేక దివాలా తీసినపుడు రెండవవారి ఆస్తి ఋణదాతలకు చెందదు. ఇది భారతదేశంలో సాధారణ సూత్రం. వివాహం వలన ఇద్దరి ఆస్తులు ఒకటి కావు; ఎవరి ఆస్తి వారిదే, ఎవరి అప్పు వారిదే. గోవా ఇందుకు మినహాయింపు. అక్కడ 1867 నాటి పోర్చుగీసు పౌరస్మృతి ననుసరించి, పెళ్ళికి ముందు వేరే ఒప్పందం చేసుకోకపోతే దంపతుల ఆస్తి ఉమ్మడి ఆస్తిగా పరిగణింపబడుతుంది.

చట్టాలు

దివాలా కోసం కోర్టులో వేసే ఇన్సాల్వెన్సీ పిటిషన్‌కు పొడి అక్షరాలు ఐ.పి. తెలుగునాట "ఐ.పి. పెట్టాడు" అన్న వాడుక దీని నుండే వచ్చింది. మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాలకు 1909లోను, మిగిలిన ప్రాంతాలకు 1920లోను వేర్వేరు చట్టాలు చేయబడ్డాయి. 2016 దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు 1న కంపెనీల అప్పులకు హామీ ఇచ్చిన వ్యక్తుల విషయంలో మాత్రమే అమలులోకి వచ్చింది.

రిసీవరుకు సంక్రమించే ఆస్తి

1920 చట్టం క్రింద కోర్టు ఒక వ్యక్తిని దివాలాదారుగా ప్రకటించగానే అతని ఆస్తి కోర్టుకు గాని, రిసీవరుకు గాని సంక్రమిస్తుంది. ఇల్లు దంపతులిద్దరి పేర ఉంటే దివాలా తీసినవారి వాటా మాత్రమే ఇందులో చేరుతుంది.

భర్త ఋణదాతలకు చెందనివి

* స్త్రీధనం: ఇది భార్య సొంత ఆస్తి అని సుప్రీంకోర్టు 1985లో తీర్పు చెప్పింది. కష్టకాలంలో భర్త దానిని వాడుకున్నా, తిరిగి ఇవ్వవలసిన నైతిక బాధ్యత అతనిపై ఉంటుందని 2024లో పేర్కొన్నది.
* జీవిత బీమా: 1874 వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 6వ సెక్షను ప్రకారం, భార్యాపిల్లల మేలు కోసమని పాలసీలోనే వ్రాయించిన బీమా ఒక ట్రస్టు అవుతుంది. 1923 సవరణ ద్వారా ఈ సెక్షను హిందువులు, ముస్లిములు మొదలగు వారికి కూడా వర్తించింది. ఋణదాతలను మోసగించేందుకే పాలసీ తీసుకున్నట్లయితే ఈ రక్షణ ఉండదు.
* మంగళసూత్రం వంటివి: మతాచారం ప్రకారం స్త్రీ వదులుకోరాని ఆభరణాలను, అవసరమైన దుస్తులను, వంటపాత్రలను, పడకలను 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను జప్తు నుండి మినహాయించింది. ఈ మినహాయింపు దివాలాకు కూడా వర్తిస్తుంది.

రక్షణ లేని సందర్భాలు

అప్పుల వారికి అందకుండా భార్య పేర ఆస్తి వ్రాసినంత మాత్రాన అది నిలవదు. 1920 చట్టం 53వ సెక్షను ప్రకారం, బదిలీ జరిగిన రెండేళ్ళలోపు దివాలా పిటిషను దాఖలైతే ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. వివాహానికి ముందు, వివాహాన్ని పురస్కరించుకొని ఇచ్చిన ఆస్తిని, న్యాయమైన ప్రతిఫలానికి సద్భావంతో కొన్న ఆస్తిని ఈ సెక్షను మినహాయించింది. 2016 స్మృతి మాత్రం వివాహాన్ని పురస్కరించుకొని చేసిన బదిలీని కూడా తక్కువ విలువ లావాదేవీగా ఎంచింది.

భార్య హామీదారుగా సంతకం చేసినట్లయితే ఆమె కూడా ఆ అప్పుకు బాధ్యురాలే. భర్తకు దివాలా నుండి విముక్తి లభించినా, ఆమె హామీ రద్దు కాదు.