గుహ, కాలయంత్రం

మాయలు వెనకటి మనిషివనీ యంత్రాలు ఆధునికునివనీ, మొదటివి మనసును పలాయనానికీ రెండోవి అభ్యుదయానికీ నడిపిస్తాయనీ మనలో ఒక నమ్మకం ఉంది. దాన్ని ఆదిలాబాద్ అడవుల్లో పరీక్షించి చూద్దాం.

గోండుల గాథలో దేవతలు గుహలో బందీలవుతారు. పహాండీ కుపార్ లింగాల్ వాళ్లను విడిపిస్తాడు. ప్రధానులు కింగ్రి వాయిస్తూ ఈ కథలను తరతరాలుగా పాడుతూ వచ్చారు. భూమికోసం, అడవికోసం పోరాడిన కొమరం భీం 1940లో జోడేఘాట్ వద్ద నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగాడు. ఆ తిరుగుబాటు తర్వాతే హైమండార్ఫ్ ఈ జనం మధ్యకు వచ్చాడు. గోండుల గాథలపై ఆయన గ్రంథం 1948లో వెలువడింది. అడవిమీద హక్కు పోగొట్టుకున్న జనం బందీలు విడుదలయ్యే కథను కాపాడుకోవడం పలాయనమా?

ఇక శాస్త్రకల్పన. 1991లో వచ్చిన 'ఆదిత్య 369' కాలయంత్రం ప్రేక్షకులను రాయలకాలానికీ, యుద్ధం తర్వాత మనుషులు భూగర్భంలో బతికే భవిష్యత్తుకూ తీసుకుపోయింది. ఇక్కడ ఆకర్షణ వేరు: ఈనాటి పనికి రేపటి ఫలితం ఏమిటన్న కుతూహలం. గాథ ఇది ఇవ్వలేదు. గాథలో బండ తొలగుతుంది. ఎలా తొలగించాలో నేర్పదు.

అయితే యంత్రం ఒక్కటే చాలదు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని గోదావరిఖని బొగ్గుగనుల్లో కొత్త యంత్రం దిగినప్పుడు కార్మికుడు దాని వేగంతోపాటు అది ఎవరి మేలుకో కూడా అడుగుతాడు. కల్పిత లోకాలను తూచవలసిన రాయి ఈ ప్రశ్నే. విముక్తి కోరికను గాథనుంచీ, కార్యకారణ జ్ఞానాన్ని శాస్త్రంనుంచీ తీసుకునే రచన మనకు కావాలి.