పార్క్ స్ట్రీట్ స్టేషన్ (బోస్టన్)

పార్క్ స్ట్రీట్ స్టేషన్ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర రాజధాని బోస్టన్ నడిబొడ్డున, ట్రెమాంట్ స్ట్రీట్, పార్క్ స్ట్రీట్ కలిసే మూలన ఉన్న భూగర్భ స్టేషన్. 1897 సెప్టెంబరు 1న తెరిచారు. ఉత్తర అమెరికాలో జనం కోసం నేల కింద కరెంటు బండ్లు నడిపిన తొలి సొరంగం ట్రెమాంట్ స్ట్రీట్ సబ్‌వే; ఈ స్టేషన్ దానిలో భాగం. ఇప్పుడు పై అంతస్తులో గ్రీన్ లైన్ అనే లైట్ రైల్, దాని అడుగున రెడ్ లైన్ మెట్రో నడుస్తున్నాయి. రైళ్ల కోసం కాక, వీధిలో ఇరుక్కుపోయిన ట్రాములను కిందికి దించడానికే తవ్విన సొరంగం కావడం దీని ప్రత్యేకత. ఆ తర్వాత నూటపాతికేళ్లలో ఇక్కడ జరిగిన మార్పులన్నీ ఆ తొలి నిర్ణయానికి లోబడే జరిగాయి.

1880లలో బోస్టన్ వీధుల్లో గుర్రపు ట్రాములు తిరిగేవి. వాటిని నడిపే కంపెనీల్లో చాలావాటిని కలిపి వెస్ట్ ఎండ్ స్ట్రీట్ రైల్వేగా మార్చిన హెన్రీ విట్నీ, 1888లో వర్జీనియాలోని రిచ్‌మండ్ వెళ్లి ఫ్రాంక్ స్ప్రేగ్ నడుపుతున్న కరెంటు ట్రాములను చూశాడు. ఒకే చోట గుమిగూడిన కార్లన్నీ ఒక్కసారి కదలాల్సి వస్తే కరెంటు తట్టుకోగలదా అన్న సందేహం తీర్చడానికి స్ప్రేగ్ ఒక రాత్రి 22 కార్లను వరసగా నిలబెట్టి, వెంటవెంటనే అన్నిటినీ కదిలించి చూపించాడు. దీపాలు బాగా మసకబారాయి గానీ కార్లు కదిలాయి. మరుసటి ఏటి నుంచి బోస్టన్‌లోనూ కరెంటు ట్రాములు మొదలయ్యాయి. అవి బాగా నడవడమే చిక్కు తెచ్చిపెట్టింది. శివార్ల నుంచి వచ్చే కార్లన్నీ ఇరుకైన ట్రెమాంట్ స్ట్రీట్‌లోకే చేరేవి. సాయంత్రం వేళ ఒకదాని వెనక ఒకటి ఆనుకుని నిలబడిపోయేవి. వాటి పైకప్పుల మీదుగా నడిచిపోతే తొందరగా చేరొచ్చని ఊళ్లో చెప్పుకునేవారు.

వీధిని వెడల్పు చేద్దామంటే ఒక పక్క దుకాణాలు, ఇంకో పక్క బోస్టన్ కామన్. 1634 నుంచి ఉన్న ఆ ఉమ్మడి మైదానం దేశంలోకెల్లా పాత పార్కు. దాని అంచు కోసుకుపోతే ఊరుకునేది లేదని పౌరులు పట్టుబట్టారు. మిగిలింది నేల అడుగు. 1894లో శాసనసభ బోస్టన్ ట్రాన్సిట్ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. అదే ఏడు నగర ఓటర్లు స్వల్ప మెజారిటీతో సబ్‌వేకు ఒప్పుకున్నారు. ఏళ్ల తరబడి తవ్వితే వ్యాపారాలు మూతపడతాయని ట్రెమాంట్ స్ట్రీట్ వర్తకులు గట్టిగా ఎదిరించారు. వాళ్ల భయం ఉత్తదేమీ కాదు. నగరం నడిమధ్య ఇలాంటి సబ్‌వే ఎలా కట్టాలో ఆ దేశంలో చూసి నేర్చుకోవడానికి అప్పటికి ఉదాహరణ లేదు మరి.

1895 మార్చి 28న పని మొదలైంది. చీఫ్ ఇంజనీరు హోవర్డ్ కార్సన్. పైనుంచి కందకం తవ్వి, గోడలు, పైకప్పు కట్టి, మళ్లీ మట్టి కప్పేయడం ప్రధాన పద్ధతి. రద్దీ ఎక్కువున్న చోట వీధిని అడ్డంగా కొద్దికొద్ది ముక్కలుగా తవ్వి, పైన దుంగలు పరిచి, పగలు బండ్లు పోయేలా చూశారు. కామన్ మూలన ఉన్న పాత శ్మశానం గుండా తవ్వినప్పుడు అస్థిపంజరాలు బయటపడసాగాయి. లెక్క తేలేసరికి 900 పైచిలుకు. వాటిని డాక్టర్ శామ్యూల్ గ్రీన్ పర్యవేక్షణలో ఏరి, అదే శ్మశానంలో తిరిగి పాతిపెట్టారు. పార్క్ స్ట్రీట్ చర్చి పక్కన తవ్వుతుండగా నీటి గొట్టం పగిలి, బురద ఎగజిమ్మి పాస్టరు గదిలో పడింది. ఇది సైతాను పనేనని ఆ పాస్టరు ప్రసంగంలో దుయ్యబట్టాడు.

అసలు విషాదం చివర్లో జరిగింది. 1897 మార్చి 4న ట్రెమాంట్, బోయిల్‌స్టన్ వీధుల కూడలిలో పాత గ్యాసు గొట్టం నుంచి లీకై, నేలకూ సొరంగానికీ మధ్య పేరుకున్న గ్యాసు పేలింది. అప్పుడే అటుగా వచ్చిన ట్రాము మంటల్లో చిక్కుకుంది. మనుషులు పది మంది దాకా చనిపోయారు, ఎందరో గాయపడ్డారు. ప్రారంభోత్సవాల కథల్లో ఈ పేలుడుకు ఒక వాక్యం మించి చోటు దొరకదు. ఇంతకంటే ఎక్కువ చెప్పుకోవాల్సిన సంగతి ఇది.

ఆరు నెలల తర్వాత, సెప్టెంబరు 1 ఉదయం ఆరు గంటలు దాటాక, ఆల్‌స్టన్ నుంచి బయల్దేరిన కారు సొరంగంలోకి దిగి పార్క్ స్ట్రీట్ చేరింది. కూర్చునేవాళ్లకు చోటు చాలక జనం మెట్ల మీద, ఫుట్‌బోర్డుల మీద వేలాడుతూ వచ్చారు. టికెట్ 5 సెంట్లు. తొలిరోజు లక్షకు పైగా ప్రయాణించారు. లండన్‌లో 1863 నాటి భూగర్భ రైలులో ఆవిరి ఇంజన్ల పొగ నిండేది. ఇక్కడ తెల్లని గోడలు, కరెంటు దీపాలు, గాలి పంకాలు. ఖర్చు కూడా అనుకున్న 50 లక్షల డాలర్లు దాటలేదు. ఏడాది తర్వాత ఉత్తరాన హేమార్కెట్ దాకా సొరంగం పూర్తయింది.

స్టేషన్ బయటి ప్రవేశ మంటపాలను ఎడ్మండ్ వీల్‌రైట్ గ్రానైటుతో కట్టాడు. అవి సమాధి మందిరాల్లా ఉన్నాయని అప్పటి విమర్శకులు ఎద్దేవా చేశారు. నాలుగింటిలో రెండు ఇప్పటికీ కామన్ అంచున నిలిచి ఉన్నాయి.

1901లో కొత్త చిక్కు వచ్చింది. వంతెనల మీద నడిచే ఎలివేటెడ్ రైళ్లకు నగరం మధ్య దారి లేక, సొరంగంలో బయటి పట్టాలు వాటికిచ్చి, ట్రాములను లోపలి పట్టాలకు పరిమితం చేశారు. రైలు ఎత్తుకు సరిపడా చెక్క ప్లాట్‌ఫారాలు కట్టారు. 1908లో ఆ రైళ్లకు పక్క వీధి కింద సొంత సొరంగం వచ్చాక చెక్కలు పీకేసి, పట్టాలు ట్రాములకు తిరిగిచ్చారు. 1912 మార్చి 23న కేంబ్రిడ్జ్‌లోని హార్వర్డ్ స్క్వేర్ నుంచి మెట్రో వచ్చి ఈ స్టేషన్ అడుగున ఆగింది. ఆ కింది స్టేషన్‌ను చాలాకాలం ‘పార్క్ స్ట్రీట్ అండర్’ అనేవారు. దాని నిర్మాణంలో తెలివి ఉంది: రెండు పట్టాలకు మూడు ప్లాట్‌ఫారాలు. రైలు ఆగగానే తలుపులు రెండు వైపులా తెరుచుకుంటాయి. జనం మధ్య ప్లాట్‌ఫారం మీదికైనా, పక్కవాటి మీదికైనా దిగొచ్చు.

పైన ట్రాములు ఎక్కడానికీ కింద మెట్రో పట్టుకోవడానికీ ఇదే కూడలి కావడంతో, నగర రవాణాలో పార్క్ స్ట్రీట్‌దే పెద్దపీట. 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరి 1940 దాకా హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో పనిచేసిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు కాలంలోనూ, ఆ స్కూల్ దాపునున్న హంటింగ్టన్ అవెన్యూ ట్రాములు ఇక్కడికే వచ్చేవి. ఇప్పుడు అదే దారిలో నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో చదివే తెలుగు పిల్లలు గ్రీన్ లైన్ ‘ఈ’ శాఖ కారెక్కి ఇదే స్టేషన్‌లో దిగుతారు.

1947లో వ్యవస్థ మొత్తం ప్రభుత్వ సంస్థ చేతికొచ్చింది. 1964లో దాని స్థానంలో నేటి రవాణా సంస్థ ఎంబీటీఏ ఏర్పడింది. అదే ఏడు ట్రెమాంట్ స్ట్రీట్ సబ్‌వేను జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. మరుసటి ఏడు లైన్లకు రంగుల పేర్లు పెట్టారు.

ట్రాము సొరంగాన్ని పూర్తి స్థాయి మెట్రోగా మార్చాలన్న ఆలోచన పలుమార్లు వచ్చింది, ఏదీ నెరవేరలేదు. మలుపులు మరీ బిగువు, ప్లాట్‌ఫారాలు పొట్టి, శివార్లలో కొన్ని శాఖల పట్టాలు ఇప్పటికీ రోడ్డు మీదే. అందుకే ఒక దిశలో పోయే ‘బీ’, ‘సీ’, ‘డీ’, ‘ఈ’ శాఖల కార్లన్నీ ఇక్కడ ఒకే ప్లాట్‌ఫారానికి వస్తాయి. ఏ అక్షరం కారు ఎక్కడ ఆగుతుందో చూసుకుని జనం అటూ ఇటూ పరుగెత్తడం రద్దీ వేళల్లో మామూలే. పాత కార్లలో మెట్లెక్కాలి. చక్రాల కుర్చీతో వచ్చేవారికి దశాబ్దాల పాటు ఈ స్టేషన్‌లో ట్రాము ఎక్కే మార్గమే లేకపోయింది. 1999లో నేలకు దగ్గరగా అడుగుభాగం ఉన్న కార్లు ప్రవేశపెట్టాక, ప్లాట్‌ఫారాలను కొద్దిగా ఎత్తు పెంచి ఆ అడ్డంకిని తొలగించారు. ఇంత ఆలస్యం క్షమించరానిది. ఎక్కడా మెట్టు లేని 102 కొత్త కార్లకు 2022లో ఆర్డర్ ఇచ్చారు. ఇప్పటి కారు కంటే ఒక్కొక్కటి 40 అడుగుల దాకా పొడవు.