సాక్చి నీరు: కర్మాగారం పంచిన నది

ఉక్కు పరిశ్రమకు ఖనిజమూ బొగ్గూ ఎంత ముఖ్యమో నీరూ అంతే ముఖ్యమని సాక్చి ఎంపికే చెబుతుంది. ఉక్కు కర్మాగారం కోసం టాటాల బృందం మొదట మహానది చెంతనున్న పదంపూర్‌ను పరిశీలించింది. మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాణి కొండల్లో మేలైన ఖనిజం ఉందని 1904లో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ తెలియజేయడంతో వారి చూపు ఇటు మళ్లింది. సీని అనే ఊరు కూడా పరిశీలనకు వచ్చింది గాని, సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దొముహానికి దగ్గరగా ఉండి, బెంగాల్ నాగపూర్ రైల్వేలోని కాలిమాటి స్టేషను కూడా అందుబాటులో ఉన్న సాక్చి గ్రామమే చివరికి నిలిచింది. 1908లో పనులు మొదలై, 1911 డిసెంబరులో ఇనుము, 1912 ఫిబ్రవరిలో ఉక్కు తయారయ్యాయి. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాక, సాక్చి అన్నది అందులో ఒక పేట పేరుగా మిగిలింది.

సువర్ణరేఖ వానల మీద ఆధారపడిన నది కాబట్టి, వర్షాకాలంలో పొంగి వేసవిలో సన్నబడుతుంది. కొలిమి మాత్రం ఏ నెలలోనూ చల్లారకూడదు. అందువల్ల నదికి అడ్డంగా తక్కువ ఎత్తులో కట్ట వేసి, నిలిచిన నీటిని పంపులతో కర్మాగారానికి ఎక్కించారు. ఊరికి నీళ్లిచ్చే బాధ్యతనూ టాటాల కంపెనీయే చేపట్టింది. ధవళేశ్వరం ఆనకట్ట మొదలుకొని నీటి విధానమంటే సర్కారు, కాలువ, పొలం అనే క్రమంలో ఆలోచించడానికి అలవాటుపడిన తెలుగు పాఠకులకు ఇది కొత్తగా తోచవచ్చు. విశాఖ ఉక్కు కోసం ఏలేరు నుంచి ప్రత్యేకంగా కాలువ తవ్వించడం మనకు దీనికి కొంత దగ్గరి ఉదాహరణ. అయితే విశాఖ నగరపాలన కర్మాగారం చేతికి పోలేదు.

1919 తర్వాత పట్టణ ప్రణాళిక రూపొందించిన ఎఫ్.సి. టెంపుల్ ప్రజారోగ్య ఇంజనీరు కావడంతో, వీధులను ఎలా మలుపు తిప్పాలన్నదానితో పాటు వాననీరు, మురుగు నేల వాలును బట్టి ఎటు పారుతాయన్నదానికీ ఆయన ప్రాధాన్యమిచ్చాడు. అయినా పనివారు పెరిగినంత వేగంగా ఇళ్లు పెరగక, ప్రణాళికకు బయట బస్తీలు వెలిశాయి. వాల్తేరు నుంచి ఇదే బెంగాల్ నాగపూర్ రైల్వే ద్వారా ఉత్తరాంధ్ర కుటుంబాలు కూడా ఇక్కడికి చేరాయి. బిష్టుపూర్ పేటలోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం ఆ వలసకు గుర్తు.

నది మీద భారం పెరగడంతో 1940లలో దల్మా కొండల పాదాన డిమ్నా జలాశయం నిర్మించారు. కొండవాగుల నీటిని నిలవచేసే ఈ చెరువు ఇప్పుడు విహారస్థలంగా పేరు పొందింది గాని, దాని కింద పొలాలు మునిగిన పల్లెల వారసులు పరిహారం కోసం దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. 1978లో బిహార్, పశ్చిమ బెంగాల్, ఒడిశాలు ఒప్పందం చేసుకున్న సువర్ణరేఖ బహుళార్థసాధక ప్రాజెక్టు, అంటే సాగునీరు, తాగునీరు, పరిశ్రమ, వరద నియంత్రణలను ఒకే పథకంలో చేర్చిన ఏర్పాటు, ఈ నష్టాన్ని మరింత పెద్ద ఎత్తున పునరావృతం చేసింది. అందులో భాగమైన చాండిల్ ఆనకట్ట వల్ల వందకు పైగా గ్రామాలు దెబ్బతిన్నాయి, వాటిలో చాలావరకు ఆదివాసీలవే. అదే ప్రాజెక్టులోని ఇచా ఆనకట్టను ప్రతిఘటించిన ఉద్యమంలో గంగారామ్ కలుండియా 1982లో పోలీసు చర్యలో మరణించాడు. నది మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నలో నష్టపోయినవారి వాదనకు ఒప్పందాల్లో చోటు దొరకకపోవడమే ఇక్కడి అసలు లోపం.

2003లో కంపెనీ తన పౌరసేవల విభాగాన్ని జుస్కో అనే ప్రత్యేక సంస్థగా విడదీసింది. దాని నీటి సరఫరా దేశంలో మేలైనవాటిలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. కానీ ఆ సేవ ప్రధానంగా కంపెనీ లీజు భూముల పరిధికే పరిమితం కావడంతో, సువర్ణరేఖకు అవతలి ఒడ్డునున్న మాంగో, ఖర్కాయి వైపునున్న బాగ్‌బెడా రాష్ట్ర ప్రభుత్వ పథకాల కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ప్రపంచ బ్యాంకు సాయంతో 2015లో తలపెట్టిన బాగ్‌బెడా పథకం ఏళ్ల తరబడి సాగింది. ఈ తేడాకు మూలం రాజ్యాంగంలోనే ఉంది: పరిశ్రమ పౌరసేవలు అందించే చోట మునిసిపాలిటీ ఏర్పాటు అవసరం లేదని 243క్యూ అధికరణం వెసులుబాటు ఇస్తుంది. ఎన్నికైన మునిసిపాలిటీ కావాలనే వాదం కోర్టుల్లో నడుస్తుండగానే, ఝార్ఖండ్ ప్రభుత్వం 2023 డిసెంబరులో జంషెడ్‌పూర్‌ను ఆ అధికరణం కింద ఇండస్ట్రియల్ టౌన్‌షిప్‌గా ప్రకటించింది.