కన్యాశుల్కం: వస్తువు, పాత్రలు, శిల్పం

గురజాడ అప్పారావు (1862–1915) రాసిన నాటకం. ఆయన పుట్టిన ఎస్.రాయవరం ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోది; 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. నాటకాన్ని 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. 1909 నాటి మలికూర్పు దాదాపు కొత్త నాటకమే. విమర్శకులు ఎక్కువగా చర్చించేది దాన్నే.

ఆడపిల్లలను డబ్బుకు అమ్మి పెళ్లి చేసే ఆచారం ఇందులోని వస్తువు. మూడేళ్లలో విశాఖపట్నం జిల్లాలో జరిగిన ఇలాంటి పెళ్లిళ్లను విజయనగరం మహారాజు లెక్క తీయిస్తే 1,034 తేలాయని పీఠికలో ఉంది. అసలు కన్యల బేరం పక్కనే ఆడవేషంలో ఉన్న కుర్రవాణ్ణి ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లకు కట్టబెట్టే దొంగపెళ్లి నడుస్తుంది. నవ్విస్తూనే ఆ బేరం ఎంత ఘోరమో చూపే ఎత్తు ఇది.

నాటకంలో ప్రధాన పాత్ర గిరీశాన్ని ఒట్టి మోసగాడనడం తొందరపాటు. వితంతు వివాహం గురించి అతను చెప్పేవాటిలో నిజం ఉంది, చెప్పే నోటికే నిజాయితీ లేదు. చుట్ట తాగడాన్ని సమర్థించడానికి పొగాకు అమృతబిందువు నుంచి పుట్టిందని పురాణ ఫక్కీలో పద్యం చదువుతాడు; పేరడీకి ఇంతకంటే చక్కని ఉదాహరణ తెలుగులో అరుదు. మలికూర్పులో బాగా ఎదిగిన మధురవాణి వేశ్య అయినా మిగతా పెద్దమనుషులందరికంటే న్యాయం ఎరిగిన మనిషి. చివరి అంకంలో సంస్కర్త సౌజన్యారావు పంతులు నియమాలనే ఆమె నిలదీస్తుంది. సంస్కర్తలనూ పరీక్షకు నిలబెట్టడమే గురజాడ గొప్పతనం.

ఉత్తరాంధ్ర యాసతో కూడిన వాడుక భాషే ఈ నాటకానికి ఊపిరి.